వెతకని రోజులు: నిఠారీ, వాంకూవర్

2006 నవంబరులో నోయిడా సెక్టార్ 15-ఏలో మూడేళ్ల పిల్లవాణ్ణి ఇంటి దగ్గరే ఎత్తుకుపోయారు. తండ్రి ఒక పేరున్న సాఫ్ట్‌వేర్ సంస్థకు ఇండియాలో అధిపతి. మర్నాటికల్లా ఆ పిల్లవాడి మొహం దేశమంతటా టీవీల్లో కనబడింది. పోలీసులు బృందాలుగా విడిపోయి గాలించారు. వారం తిరక్కుండానే పిల్లవాడు క్షేమంగా ఇల్లు చేరాడు. అదే ఊళ్లో, అదే జిల్లా పోలీసుల పరిధిలో, అక్కణ్ణించి కొద్ది కిలోమీటర్ల దూరాన నిఠారీ ఉంది. అప్పటికి దాదాపు రెండేళ్లుగా అక్కడ పిల్లలు మాయమవుతున్నారు. ఆ ఏడాది డిసెంబరు 29న, సెక్టార్ 31లోని డి-5 బంగళా వెనక మురుగుకాలువలోంచి పుర్రెలూ ఎముకలూ బయటపడ్డాక గానీ ఆ ఊరి పేరు దేశానికి తెలియలేదు.

ఆ పసివాడి కోసం అంత గట్టిగా వెతకడాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. వెతకడమంటే అలాగే ఉండాలి. నోయిడా పోలీసులకు వెతకడం వచ్చునని, మనుషులూ బళ్లూ ఫోన్లమీద నిఘా పెట్టే ఏర్పాట్లూ వాళ్ల దగ్గర ఉన్నాయని ఆ వారం రుజువైంది. కాబట్టి నిఠారీ పిల్లల విషయంలో చేతకాలేదన్న సంజాయిషీ చెల్లదు. 2024లో వచ్చిన ‘సెక్టార్ 36’ సినిమా కూడా కలిగినింటి బిడ్డ అపహరణను, బస్తీ పిల్లల అదృశ్యాన్ని పక్కపక్కనే పెట్టింది. కథ అల్లినవాళ్లు ఎంత స్వేచ్ఛ తీసుకున్నా, ఆ పోలికను మాత్రం వాళ్లు కల్పించాల్సిన పని లేకపోయింది.

నిఠారీ కథ మనకు తెలిసిందే. వార్తల్లో చూశాం, తీర్పులు వచ్చినప్పుడల్లా మళ్లీ గుర్తు తెచ్చుకున్నాం. దాని పక్కన పెట్టుకుని చదవాల్సిన కథ ఇంకొకటి ఉంది. కెనడా పడమటి తీరాన వాంకూవర్ నగరంలో డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్ అనే పేట. చవక లాడ్జీలు, మత్తుమందులు, ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లు. 1990ల రెండో సగం నుంచి 2002 దాకా ఆ పేటలోంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే కనబడకుండా పోయారు. తర్వాత వేసిన విచారణ సంఘం 67 మంది స్త్రీల అదృశ్యాన్ని, మరణాన్ని తన ముందు పెట్టుకుంది. నగరానికి తూర్పున పోర్ట్ కోక్విట్లాంలో పందుల పెంపకం చేసే రాబర్ట్ పిక్టన్ అనే అతని కమతంలో 33 మంది స్త్రీల డీఎన్ఏ దొరికింది. ఆరు హత్యలకు 2007 డిసెంబరులో అతనికి శిక్ష పడింది. మిగిలిన 20 హత్యాభియోగాల మీద విచారణే జరగలేదు. అతను 2024లో జైల్లో తోటి ఖైదీ దాడిలో గాయపడి చనిపోయాడు.

ఒకటి పేద దేశపు కొత్త నగరం. మరొకటి ప్రపంచంలోకెల్లా బతకడానికి అనువైన ఊళ్ల జాబితాల్లో తరచూ పైన కనిపించే నగరం. ఇక్కడ తప్పిపోయినవాళ్లు ఎక్కువమంది పసిపిల్లలు, కొందరు పడుచు ఆడపిల్లలు. బెంగాల్ నుంచి, బీహార్ నుంచి, ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి కూలికి వచ్చినవాళ్ల బిడ్డలు. అక్కడ తప్పిపోయినవాళ్లు వయసొచ్చిన స్త్రీలు. వాంకూవర్ ఉన్న రాష్ట్రపు ఆడవాళ్లలో మూలవాసులు నూటికి ముగ్గురే అయినా, తప్పిపోయినవాళ్లలో మూడోవంతు వాళ్లే. చట్టాలు వేరు, భాషలు వేరు, డబ్బు లెక్క వేరు. అయినా ఆ విచారణ నివేదికనూ మన కోర్టు తీర్పులనూ పక్కపక్కన పెట్టుకుని చదువుతుంటే స్టేషన్ బల్లకు ఇవతల నిలబడ్డ తల్లికి వచ్చిన జవాబు మాత్రం ఒకటే అనిపిస్తుంది.

ఆ జవాబేమిటో చూద్దాం. నిఠారీ తల్లిదండ్రులు చెప్పింది: ఆడపిల్ల అయితే ఎవరితోనో లేచిపోయి ఉంటుందన్నారు, చిన్నపిల్లలయితే వాళ్లే తిరిగొస్తారన్నారు. కాగితం తీసుకుని పొమ్మన్నారు, కొందరి దగ్గర కాగితమూ తీసుకోలేదు. వాంకూవర్ కుటుంబాలు చెప్పింది: వాళ్లు తిరుగుబోతు బతుకు బతికేవాళ్లు, ఏ ఊరికో పోయి ఉంటారు, కుదిరినప్పుడు వాళ్లే ఫోన్ చేస్తారన్నారు.

హోదా దర్యాప్తును ప్రభావితం చేస్తుందంటే మనం సాధారణంగా సిఫార్సు గురించి ఆలోచిస్తాం. ఎమ్మెల్యే ఫోన్, కమిషనర్‌తో పరిచయం, టీవీ ఛానెల్‌లో తెలిసినవాడు. అవన్నీ ఉన్న మాట నిజమే. అయితే ఈ రెండు ఊళ్ల కాగితాలు చదివాక నాకు అంతకంటే ముందే జరిగేది ఒకటి ఉందని తోచింది. మనిషి కనబడటం లేదన్న కబురు వినగానే పోలీసు మనసులో ఒక కథ తయారవుతుంది. కలిగిన ఇంటి బిడ్డ విషయంలో ఆ కథ ‘ఎవరో ఏదో చేశారు’ అని. లేని ఇంటి బిడ్డ విషయంలో ‘తనే వెళ్లిపోయింది’ అని. మొదటి కథకు నిందితుడు కావాలి కాబట్టి వెతుకుతారు. రెండో కథలో నిందితుడు ఉండడు, అందుకని ఫైలు అక్కడే ఆగుతుంది. పేదవాడికి డబ్బు లేకపోవడం కంటే ఈ కథ ఎక్కువ కీడు చేసింది. తన బిడ్డ అలా వెళ్లిపోయే రకం కాదని నిరూపించే భారం కూడా ఆ తల్లి మీదే పడింది.

ఆ కథ తప్పని చెప్పే ఆధారాలు రెండుచోట్లా ఎదురుగానే ఉన్నాయి. వాంకూవర్‌లో ఆ స్త్రీలకు నెలనెలా ప్రభుత్వ సాయం చెక్కు వచ్చేది. మత్తుకు బానిసైన మనిషి ఏది మరిచినా ఆ చెక్కు రోజు మరవదు. చెక్కులు తీసుకోకుండా ఉండిపోయాయి, పిల్లల పుట్టినరోజులకు ఫోన్లు రాలేదు. ఇల్లు లేని మనిషికి కూడా రోజూ వెళ్లే చోట్లుంటాయి, ఎదురుచూసేవాళ్లుంటారు. ఆ పేటలోని తోటి ఆడవాళ్లకు ఇది తెలుసు, నర్సులకు తెలుసు. కాగా నిఠారీలో తప్పిపోయింది జేబులో పైసా లేని ఏడేళ్ల, ఎనిమిదేళ్ల పిల్లలు. వాళ్లు ఏ ఊరికి, ఎలా వెళ్లగలరు? ఒకే వాడలోంచి ఒకరి తర్వాత ఒకరు పోతుంటే, అందరూ ఒకే నీళ్లట్యాంకు, ఒకే రోడ్డు దరిదాపుల్లో కనబడకుండా పోతుంటే, ఆ పేర్లన్నీ ఒక్క కాగితం మీద రాసి చూసుకున్నా చాలు, తెలిసిపోయేది. అలా రాసి చూసిన అధికారి లేకపోయాడు.

వాంకూవర్‌లో అలా చూసినవాడు ఒకడున్నాడు. కిమ్ రాస్మో అనే పోలీసు అధికారి, నేరాలు జరిగే స్థలాలను బట్టి నేరస్థుడి ఆచూకీ అంచనా వేసే విద్యలో పేరున్నవాడు. వరుస హత్యలు చేసేవాడు తిరుగుతూ ఉండవచ్చని 1998లోనే హెచ్చరించాడు, ప్రజలకు ఆ మాట చెబుదామన్నాడు. పై అధికారులు కాదన్నారు. కింది హోదా నుంచి ఒక్కసారిగా పైకి వచ్చిన ఆ మనిషి మీద శాఖలో కొందరికి కిట్టకపోవడం కూడా అందులో పనిచేసింది. తప్పిపోయినవాళ్లకున్న హోదాయే కాదు, తప్పిపోయారని చెప్పేవాడి హోదా కూడా లెక్కకొచ్చింది.

ఫోటోల సంగతి కొంచెం ఆగి చూడాలి. మిస్సింగ్ కేసు పెట్టడానికి వెళ్తే స్టేషన్లో మొదట అడిగేది ఫోటో. 2006 నాటి నిఠారీలో ఒక రిక్షా కార్మికుడి ఇంట్లో బిడ్డ ఫోటో ఉంటే అది బడికోసమో, ఏ పండక్కో స్టూడియోలో తీయించినది ఒక్కటి. దాన్ని స్టేషన్లో ఇచ్చేస్తే ఇంట్లో మిగిలేది ఉండదు. జిరాక్స్ తీయిస్తే మొహం నల్లటి మచ్చలా వస్తుంది, కళ్లూ ముక్కూ ఆనవు. ఎముకలు బయటపడ్డాక తల్లులు కెమెరాల ముందు పట్టుకున్నవి ఆ చిన్న చదరపు ఫోటోలే. అంతకుముందు వాటిని ఎవరూ గోడకు అంటించలేదు. వాంకూవర్‌లో దీనికి తలకిందులైన కష్టం. అక్కడ ఫోటోలు ఉన్నాయి, పోలీసుల దగ్గరే ఉన్నాయి. ఎప్పుడో అరెస్టయినప్పుడు గోడకు నిలబెట్టి తీసినవి. తప్పిపోయిన స్త్రీల పోస్టరు వేసినప్పుడు చాలామందివి అవే వాడారు. చూసినవాళ్లకు అది ఆపదలో ఉన్నవాళ్ల పోస్టరులా కాక నేరస్థుల పోస్టరులా కనబడిందని కుటుంబాలు ఎంతో బాధపడ్డాయి. మనవైపు ఫోటో లేక మనిషి కనబడలేదు. అటువైపు ఫోటో ఉండీ అందులో మనిషిని చూడనివ్వలేదు. ఇవాళ తెలంగాణ పోలీసులకు ‘దర్పణ్’ అనే మొహాలు పోల్చే యాప్ ఉంది. తప్పిపోయిన పిల్లల ఫోటోలను ఆశ్రమాల్లో దొరికిన పిల్లల ఫోటోలతో అది సరిచూస్తుంది, కుటుంబాలను కలిపింది కూడా. మంచి సాధనమే. కానీ అది కూడా ఇంట్లో ఉన్న ఫోటోతోనే మొదలవ్వాలి.

డబ్బు నేరుగా కనిపించే చోటు వాంకూవర్‌లోనే ఎక్కువ. 1999లో ఆ నగరపు పడమటి వైపు, సంపన్నుల పేటల్లో, ఇళ్ల గ్యారేజీల దగ్గర వరుసగా దోపిడీలు జరిగాయి. ఆచూకీ చెప్పినవాళ్లకు లక్ష డాలర్ల బహుమతి ప్రకటించారు. అదే సమయంలో ఈస్ట్‌సైడ్ స్త్రీల బంధువులు తమవాళ్ల కోసమూ అలాంటి బహుమతి పెట్టమన్నారు. అప్పటి మేయర్ ఫిలిప్ ఓవెన్ మొదట ఒప్పుకోలేదు. వేశ్యలు ఎక్కడున్నారో వెతికిపెట్టే సేవకు డబ్బు పెట్టడం తన పని కాదన్న అర్థంలో ఆయన అన్న మాట అక్కడ ఇప్పటికీ గుర్తుంది. కుటుంబాలు పోరాడాక ఆ ఏడాదే లక్ష డాలర్లు ప్రకటించారు. ఆ పోరాటంలో ఉన్న రచయిత్రి మ్యాగీ డి వ్రీస్ తప్పిపోయిన తన చెల్లెలి గురించి 2003లో ‘మిస్సింగ్ సారా’ అనే పుస్తకం రాసింది. పోలీసు ఫైల్లో వృత్తి, వ్యసనం, చిరునామా లేకపోవడం తప్ప మరేమీ మిగలని మనిషిని ఆ పుస్తకం ఉత్తరాలతో, డైరీలతో, బాల్యంతో తిరిగి నిలబెట్టింది. నిఠారీ తల్లిదండ్రుల్లో అలా రాయగల అక్క గానీ అన్న గానీ లేరు. వాళ్ల మాట మనకు చేరింది విలేఖరుల మైకుల్లోంచి, కోర్టు వాంగ్మూలాల్లోంచి. తప్పిపోయిన మనిషికి చదువుకున్న బంధువు ఉండటమూ ఒక ఆస్తే. వాంకూవర్‌లో ఆ ఆస్తి కొందరికైనా ఉంది.

అలాగని నిఠారీవాళ్లు ఊరుకోలేదు. ఒక తండ్రి తన కూతురి కేసు నమోదు చేయించడానికే కోర్టు దాకా వెళ్లాడు. 2006 మే నెలలో కనబడకుండా పోయిన ఆ అమ్మాయి గురించి ఎఫ్ఐఆర్ కట్టడానికి అక్టోబరు వచ్చింది. ఆమె సెల్‌ఫోన్ ఎవరి చేతుల్లోకి పోయిందో పట్టుకోగానే దారి డి-5 బంగళాకు చేరింది. అంటే కేసు కట్టాక పోలీసులు మామూలుగా చేసే పని చేసినా చాలింది. మే నుంచి అక్టోబరు దాకా పోయిన నెలలకు వేరే కారణం లేదు. ఇక డిసెంబరులో మురుగుకాలువలోకి దిగింది కూడా ముందు తండ్రులే. వాళ్లకు తోడొచ్చింది ఆ సెక్టార్ నివాసుల సంఘానికి పూర్వం అధ్యక్షుడిగా చేసిన ఒక పెద్దమనిషి. బస్తీ మనిషి చెప్పిన దానికి సెక్టార్ మనిషి వంత పలికితే తప్ప అది వార్త కాలేదన్నది ఎవరికీ సంతోషాన్నిచ్చే విషయం కాదు. అయినా ఆయన చేసిన మేలు చిన్నది కాదు.

పోలికలు చాలు, తేడాల్లోకి వస్తాను. వాంకూవర్ పోలీసులకు ఒక సాకు ఉంది. ఆడవాళ్లు మాయమైంది నగర పోలీసుల పరిధిలో, అనుమానితుడు ఉన్నది ఆర్‌సీఎంపీ అనే కేంద్ర పోలీసుల పరిధిలో. ఒకరి దగ్గరున్న సమాచారం మరొకరికి సకాలంలో చేరలేదు, చేరినా బరువు తూగలేదు. విచారణ సంఘం నివేదికలో చాలా పుటలు ఈ సందు గురించే. నిఠారీకి ఆ సాకు లేదు. పల్లె, సెక్టార్, బంగళా, మురుగుకాలువ అన్నీ ఒకే పోలీసుల చేతి కింద ఉన్నాయి. పరిధుల గొడవ మనకూ కొత్త కాదు. 2019 నవంబరు 27 రాత్రి హైదరాబాద్ శివార్లలో, కూతురు కనబడటం లేదని వెళ్లిన ‘దిశ’ కుటుంబాన్ని మా స్టేషన్ కాదంటే మా స్టేషన్ కాదని తిప్పారు, తర్వాత ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. అది చదువూ ఉద్యోగమూ ఉన్న మధ్యతరగతి ఇల్లు. అయినా అర్ధరాత్రి ఆడపిల్ల కనబడటం లేదనగానే లేచిపోయిందేమో అన్న పాత కథే ముందుకొచ్చిందని కుటుంబం చెప్పింది. డబ్బున్నంత మాత్రాన ఆడపిల్లకు ఆ కథ తప్పదు. లేనివాళ్లకు దాన్ని తోసిపుచ్చే బలం కూడా ఉండదు.

పెద్ద తేడా అనుమానితుల విషయంలో ఉంది. పిక్టన్ చూడటానికి మాసిన బట్టల మనిషి. కానీ ఆ కుటుంబానికి భూమి ఉంది. నగరం పెరిగిన కొద్దీ కమతంలో ముక్కలు ఇళ్ల స్థలాలకు అమ్మి మిలియన్ల డాలర్లు సంపాదించారు. 1997 మార్చిలో ఒక స్త్రీ అతని కత్తిపోట్ల నుంచి కొనఊపిరితో తప్పించుకుంది. హత్యాయత్నం కేసు పెట్టారు. మత్తుకు అలవాటుపడిన ఆమె సాక్ష్యం నిలబడదని 1998 జనవరిలో కేసు ఆపేశారు. ఆ కేసులో స్వాధీనం చేసుకున్న అతని బట్టలూ బూట్లూ పోలీసు గిడ్డంగిలో ఉండిపోయాయి. వాటిని 2004లో పరీక్షిస్తే తప్పిపోయిన ఇద్దరు స్త్రీల డీఎన్ఏ దొరికింది. ఏడేళ్లు ఆ ఆధారం పోలీసుల తాళం కిందే ఉంది. చివరికి 2002 ఫిబ్రవరిలో ఒక జూనియర్ కానిస్టేబుల్ లైసెన్సు లేని తుపాకుల కోసం వారంటు తీసుకుని కమతంలోకి వెళ్తే, తప్పిపోయిన ఒక స్త్రీకి డాక్టరు రాసిచ్చిన ఇన్‌హేలర్ కనబడింది. ఆడవాళ్ల కోసం వెళ్లి కనుక్కున్నది కాదది.

నోయిడాలో హోదా దీనికి భిన్నంగా పనిచేసింది. బంగళా యజమాని మోనిందర్ సింగ్ పంధేర్, పనివాడు సురేంద్ర కోలీ. ఇద్దరికీ ఉరిశిక్షలు పడ్డాయి, ఎక్కువ కేసుల్లో కోలీకి. 2023 అక్టోబరు 16న అలహాబాద్ హైకోర్టు కోలీని పన్నెండు కేసుల్లో, పంధేర్‌ను రెండు కేసుల్లో నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఇంట్లో పనిచేసే పేదవాణ్ణి రాక్షసుడిగా చూపించి అతని మీద నేరం మోపడమే సులువని దర్యాప్తు అనుకున్నట్టుంది, కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ కమిటీ వెతకమన్న అవయవాల వ్యాపారం కోణాన్ని పట్టించుకోలేదు అన్నది ఆ తీర్పు సారాంశం. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆ విడుదలలను నిలబెట్టింది. నవంబరులో మిగిలిన ఒక్క కేసులోనూ కోలీని విడిచిపెట్టింది. అక్కడ పేద సాక్షిని నమ్మకపోవడం వల్ల భూమి ఉన్నవాడు నాలుగేళ్లు అదనంగా తిరిగాడు. ఇక్కడ పేద పనివాడి ఒప్పుకోలును నమ్మడం మీదే కేసు కట్టారు, అది కోర్టులో నిలవలేదు. లేనివాడు తప్పిపోతే వెళ్లిపోయాడని కథ, లేనివాడు నిందితుడైతే చేసేశాడని కథ. కోలీ నేరం చేశాడా లేదా అన్నది నేను చెప్పగలిగేది కాదు. కోర్టుల మాట ప్రకారం రుజువు లేదు. అయితే ఆ పిల్లలు చనిపోయారన్నది మాత్రం కాదనలేనిది.

జరిగిన తప్పును రెండు దేశాలు రాసుకున్న తీరులోనూ తేడా ఉంది. రెండింటి మీదా నాకు గౌరవమే. కెనడాలో 2010లో నగర పోలీసు శాఖే తన తప్పుల మీద సుదీర్ఘమైన సమీక్ష వెలువరించి క్షమాపణ చెప్పింది. 2012 డిసెంబరులో వాలీ ఒప్పల్ విచారణ సంఘం నివేదిక వచ్చింది. ఒప్పల్ పంజాబీ మూలాలున్న మాజీ న్యాయమూర్తి, ఆ రాష్ట్రానికి ఒకప్పటి అటార్నీ జనరల్. 1,448 పుటలు. ఏ తేదీన ఎవరు ఏ ఫోన్ ఎత్తారు, ఏ కాగితం ఏ సొరుగులో ఉండిపోయింది అన్నంత ఓపికగా రాసిన గ్రంథం. తప్పిపోయిన స్త్రీల జీవితాలను కూడా అందులో చెప్పారు. ఆ పేదరికం, ఆ జాతి పట్ల ఉన్న చిన్నచూపు దర్యాప్తును నీరుగార్చిందని దాపరికం లేకుండా ఒప్పుకున్న నివేదిక అది. అయితే ఆ విచారణలోనే పాత తేడా మళ్లీ తలెత్తింది. పోలీసుల తరఫున ప్రజాధనంతో న్యాయవాదులు కూర్చున్నారు. ఈస్ట్‌సైడ్ స్త్రీల సంఘాలకూ మూలవాసీ సంఘాలకూ న్యాయవాదుల ఖర్చు ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. చాలా సంఘాలు విచారణ నుంచి తప్పుకున్నాయి. పేదల్ని ఎందుకు వినలేదో తేల్చడానికి వేసిన సంఘం ముందు పేదల గొంతు సగం కూడా వినబడలేదు.

మన దగ్గర అలాంటి గ్రంథం లేదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ కమిటీ 2007 జనవరిలోనే పోలీసుల నిర్లక్ష్యాన్ని ఎత్తిచూపుతూ నివేదిక ఇచ్చింది, కానీ అది జనం చదివే పుస్తకం కాలేదు. కొందరు పోలీసులు సస్పెండయ్యారు, కొందరి ఉద్యోగాలు పోయాయి. నిఠారీ తర్వాత జాతీయ మానవ హక్కుల కమిషన్ కమిటీ తేల్చిన లెక్క: దేశంలో ఏటా సగటున 44,000 మంది పిల్లలు తప్పిపోయినట్టు నమోదవుతున్నారు, అందులో సుమారు 11,000 మంది ఆచూకీ దొరకడం లేదు. మనం ఎక్కువ రాసుకోలేదు గానీ చట్టంలో గట్టిగానే కదిలాం. 2013 మేలో బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో, తప్పిపోయిన పిల్లల ప్రతి ఫిర్యాదుకూ ఎఫ్ఐఆర్ కట్టాలని, అపహరణో అక్రమ రవాణానో జరిగిందనుకునే మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ‘వెళ్లిపోయింది’ అన్న కథను పక్కన పెట్టి ‘ఎవరో ఏదో చేశారు’ అన్న కథతోనే ఫైలు తెరవమంది. కలిగినింటి బిడ్డకు ఎప్పుడూ దక్కే ఆ అనుమానాన్ని లేనింటి బిడ్డకూ హక్కుగా రాసిచ్చింది. కెనడా నివేదికలోని 63 సిఫార్సులన్నిటిలోనూ నాకు ఇంత పదునైన వాక్యం దొరకలేదు. అదే ఏడాది నవంబరులో లలితా కుమారి కేసు తీర్పు వచ్చింది. కేసు పెట్టదగ్గ నేరం చెబితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాల్సిందేనన్న ఆ తీర్పు మన న్యాయవాదులందరికీ కంఠోపాఠం. ఆ కేసు మొదలైందీ తప్పిపోయిన ఒక మైనరు బాలిక ఫిర్యాదుతోనే, అదీ నోయిడా పొరుగున ఉన్న గాజియాబాద్‌లో.

తీర్పు వచ్చాక స్టేషన్ బల్ల దగ్గర ఏం మారిందన్నది వేరే ప్రశ్న. 2019 ఏప్రిల్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలం హాజీపూర్‌లో బడి నుంచి ఇంటికి రాని పద్నాలుగేళ్ల అమ్మాయి శవం పాడుబడ్డ బావిలో దొరికింది. వెతికితే ఇంకో ఇద్దరు అమ్మాయిల అవశేషాలు దొరికాయి. అందులో పదకొండేళ్ల పిల్ల 2015లో, అంటే ఆ తీర్పులు వచ్చిన రెండేళ్లకు, తప్పిపోయింది. ఇల్లు చేరడానికి సరైన బస్సు లేక దారిన పోయే బండి ఎక్కక తప్పని పిల్లలు వాళ్లు. ఇంకో అమ్మాయి విషయంలో ఇంటివాళ్లే పరువుకు జంకి స్టేషన్‌కు వెళ్లలేదు. పోలీసు మనసులో ఉండే ఆ కథ బయటినుంచి వచ్చినది కాదనీ, మన వాకిళ్లలోనూ అదే తిరుగుతోందనీ హాజీపూర్ నాకు చూపించింది. స్టేషన్‌కు వెళ్తే ఏమంటారో ముందే తెలిసిన తండ్రి, ఆ మాట పడలేక ఇంట్లోనే కూర్చుండిపోతాడు. కలిగినవాళ్లకూ పరువు భయం ఉంటుంది, అయితే వాళ్లు గుట్టుగా వెతికించుకోగలరు.

వాంకూవర్‌లోనూ నిఠారీలోనూ కథ ఎక్కడ కలుస్తుందంటే, కోర్టులో. మొదటి వారంలో చేయాల్సిన పనులు, అంటే చివరిసారి చూసినవాళ్లను అడగడం, ఫోన్ వివరాలు తెప్పించడం, చుట్టుపక్కల ఇళ్ల తలుపులు తట్టడం, చేయకపోతే ఆ లోటు కోర్టులో రుజువు లేదన్న మాటగా తేలుతుంది. నిఠారీ కేసుల్లో ఆలస్యం, అలక్ష్యం నిజం తేలే దారులనే మూసేశాయని సుప్రీంకోర్టు 2025లో విచారంతో రాసింది. వాంకూవర్‌లో 33 మంది డీఎన్ఏ దొరికినా శిక్ష పడింది ఆరు హత్యలకే. మిగిలినవాళ్ల కుటుంబాలకు తీర్పన్నదే లేదు.

ఇవాళ్టికీ ఆ కుటుంబాలు సాక్ష్యం చుట్టూనే తిరుగుతున్నాయి. పిక్టన్ కమతంలోంచి సేకరించిన వేల వస్తువులను ఇక ఉంచక్కరలేదని, వదిలించుకోవడానికి అనుమతి ఇవ్వమని ఆర్‌సీఎంపీ కోర్టును అడిగింది. తేలని కేసులు ఇంకా ఉన్నాయి, రేపు కొత్త పరీక్షలు వస్తాయి, ఒక్కటీ పారేయవద్దని కుటుంబాలూ న్యాయవాదులూ పట్టుబట్టారు. నిఠారీ తల్లిదండ్రులు అడుగుతున్నదీ అదే పని. పంధేర్, కోలీ ఇద్దరూ కాకపోతే మా పిల్లల్ని చంపిందెవరో మళ్లీ వెతకమంటున్నారు. 2006లో స్టేషన్‌కు పట్టుకెళ్లిన అర్జీలో వాళ్లు రాసుకున్నదీ వెతకమనే.